పనిముట్ల సంస్కరణము

పల్లెటూళ్లలో పూర్వము చుట్టు గోడ లేని బావులు చాల యుండెడివి. తరతరములుగా ఊరివారందఱు ఆ నీళ్లే త్రాగుచుండిరి. ఎప్పుడో యొకనాడు చీకటిలో నొక పిల్లవాడో, చూపు తగ్గిన యొక ముదుసలియో అందులో పడుట కలదు. పడినప్పుడెల్ల పెద్దలు "చూచుకొని నడువవద్దా?" యని పడినవారినే మందలించెడివారు. ఎవరైన గోడ కట్టుదమన్నచో, "తాతలనాటినుండి లేని గోడ యిప్పుడేల? కన్నులున్నవారికి గోడతో పనియేమి?" యని వారి నోరు మూయించెడివారు. చాల యూళ్లలో గోడలు కట్టబడినవి. ఆ తగవు తీరినది. కాని అట్టిదే యొక తగవు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారి నడుమ మన కాలమున రేగినది. దానిని గుఱించి కొంత విచారింపవలెనని మా యభిలాష.

తగవు ఇది. లినక్స్ అను వ్యవస్థయందలి మూలమైన పనిముట్లు చాలవఱకు సి అను భాషలో వ్రాయబడియున్నవి. వానిలో కొన్నిటిని రస్ట్ అను క్రొత్త భాషలో తిరిగి వ్రాయవలెనని కొందఱు పూనుకొని, కొంత వ్రాసి వాడుకలోనికిగూడ తెచ్చిరి. కూడదని మఱికొందఱు గట్టిగా వాదించుచున్నారు. ఇది నిపుణుల గొడవ, గృహస్థులకేల యని చదువరులు అనుకొనరాదు. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోనులు లినక్స్ కెర్నెల్ మీదనే నడుచుచున్నవి. ఇంటర్నెట్టులో మనకు పుటలను పంపు యంత్రములలో పెక్కింటిని నడుపునదియు లినక్సే. కాగా ఇందలి ప్రశ్న యంత్రములకంటె ధర్మమునకే యెక్కువ చేరినది: మంచి పనివాడు తప్పు చేసినప్పుడు వానిని దిద్దవలెనా, పనిముట్టును దిద్దవలెనా? పనిముట్టును దిద్దినచో ఆ సంస్కారమునకు వెల చెల్లింపవలసిన వారెవరు?

సి భాషను 1970వ దశకము మొదట అమెరికాలోని బెల్ పరిశోధనశాలలో డెన్నిస్ రిచీ రూపొందించెను. 1973లో యూనిక్స్ అను వ్యవస్థను ఆ భాషలో తిరిగి వ్రాసిరి. ఆనాటి యంత్రములలో మెమొరీ మిక్కిలి స్వల్పము. ఒక్క బైటైనను వ్యర్థము కారాదు. అందువలన ఆ భాష మెమొరీపై సర్వాధికారమును వ్రాయువానికే యిచ్చి, అతడు చేయునది యతనికి తెలియునని నమ్మి యూరకుండును. పది గదుల వరుసలో పదునొకండవ గదిని తెఱువుమన్నను తెఱచును. తిరిగి యప్పగించిన గదిలో మరల వ్రాయుమన్నను వ్రాయును. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ఉద్యమమువారు యూనిక్స్ పనిముట్లకు ఎల్లరు స్వేచ్ఛగా వాడుకొనదగిన రూపములను వ్రాసిరి. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ కెర్నెల్ అను మూలభాగమును వెలువరించెను. ఈ రెండును ముఖ్యముగా సి భాషలోనివే. ఏబదియేండ్లుగా ఆ భాష లోకమునకు చేసిన సేవ సామాన్యము కాదు. సంస్కారము పేరిట దానిని హేళన చేయువారు తాము కూర్చున్న కొమ్మ యెవరు పెంచినదో మఱచినవారు.

అయితే ఆ నమ్మకమునకు వెల కలదు. 2014 ఏప్రిలులో హార్ట్‌బ్లీడ్ అను లోపము బయటపడెను. ఇంటర్నెట్టులో యంత్రములు రహస్యముగా మాటాడుకొనుటకు వాడు ఓపెన్ఎస్ఎస్ఎల్ అను ప్రోగ్రాములో నది యుండెను. అవతలివాడు చిన్న మాటను పంపి, "ఇది యఱువదినాలుగు వేల బైట్ల మాట, తిరిగి నాకు పంపుము" అని యబద్ధమాడినచో, ఆ ప్రోగ్రాము కొలిచి చూడక, ఆ మాటతోపాటు ప్రక్క మెమొరీలోనున్న పరుల రహస్యములనుగూడ పంపివేయుచుండెను. కొలిచి చూచు పని యొకచోట మఱచుటయే దీనికి కారణము. రెండేండ్ల వఱకు అది వెల్లడి కాలేదు. ఇంకొకటి చెప్పుదుము. సుడో అను పనిముట్టు సామాన్యుడైన వాడుకరిచేత, అనుమతి యున్నంత మేరకు, యంత్రాధిపతి చేయదగిన పనిని చేయించును. 1980 ప్రాంతమున పుట్టిన ఆ పనిముట్టులో 2011లో నొక మెమొరీ తప్పు చొచ్చెను. యంత్రములో ఖాతా గల యెవడైనను దాని మూలమున సర్వాధికారి కాగలడు. 2021 జనవరి వఱకు అది బయటికి రాలేదు. పదియేండ్లు లోకమంతట తలుపు గడియ లేకుండ నుండెనన్నమాట.

రస్ట్ భాషకు కర్త గ్రేడన్ హోర్. 2006లో ఆయన కాపురమున్న మేడలోని లిఫ్టు ప్రోగ్రాము చెడి ఆగిపోగా, ఇరువదియొకటవ అంతస్తునకు మెట్లెక్కుచు, ఇట్టి తప్పులు పుట్టనీయని భాష యొకటి యుండరాదా యని తలపోసెనట. 2009 నుండి మొజిల్లా సంస్థ ఆ భాషను పోషించెను. 2015 మే నెలలో తొలి స్థిరమైన ప్రతి వెలువడెను. ఆ పేరు ఇనుమునకు పట్టు త్రుప్పును బట్టి వచ్చినది కాదు. పైరులకు త్రుప్పు తెగులు కలిగించు శిలీంధ్రములు ఎంతటి మొండి బ్రతుకు బ్రతుకునో చూచి పెట్టినది. వేరుసెనగ పండించు మన రైతులు ఆ తెగులును చక్కగ నెఱుగుదురు.

ఈ భాషయందలి ముఖ్య నియమమును బడిపంతులు మాటలలో చెప్పవలెనన్న హాజరుపట్టీని తలచుకొనుట చాలును. పట్టీని ఎందఱైనను ఒక్కమాఱు చూడవచ్చును. కాని యొకరు అందులో వ్రాయుచున్నంతసేపు మఱియొకరు చూడనురాదు, వ్రాయనురాదు. దానికి బాధ్యుడొక్కడే, ఆతడు పోవునప్పుడు పట్టీ అల్మారా చేరవలెను. రస్ట్ మెమొరీకి విధించిన కట్టుబాటు ఇట్టిదే. ఈ కట్టుబాటు తప్పిన వ్రాతను కంపైలరు, అనగా మన వ్రాతను యంత్రభాషలోనికి మార్చు ప్రోగ్రాము, పరీక్షించి మొదటనే త్రిప్పికొట్టును. ఇక గదుల వరుస దాటి చేయి చాచినచో ప్రోగ్రాము నడుచుచు నడుచుచు అక్కడనే నిలిచిపోవును గాని పరుల గదిని తెఱువదు. కట్టుబాటును దాటక తప్పనిచోట 'అన్‌సేఫ్' అని, అనగా అపాయకరమని, వ్రాతలోనే గుఱుతు పెట్టవలెను. అపాయము పూర్తిగా పోయినదని కాదు. అది యెక్కడ నున్నదో నలుగురికి తెలియుచున్నది.

ఇక పూర్వపక్షములను విచారింతము. మొదటిది: మంచి పనివానికి కాపలా యక్కఱలేదు, తప్పు భాషది గాదు, అజాగ్రత్తగా వ్రాసినవానిది యని. ఇది వినుటకు పౌరుషముగ నుండును. మేమొకప్పుడు పరీక్షకు ప్రశ్నపత్రము వ్రాసి, ముమ్మాఱు దిద్ది, తోడి యుపాధ్యాయునిచేతగూడ దిద్దించి అచ్చునకు పంపితిమి. పరీక్షనాడు మొదటి బల్లమీది బాలిక లేచి, "మాస్టారూ, నాలుగవ ప్రశ్నలో అంకె లేదండీ" యనెను. మాకు జాగ్రత్త లేకపోలేదు; జాగ్రత్తకు హద్దు కలదు. ఎంతటి బుద్ధిమంతునికైనను ఏమఱుపాటు తప్పదని పెద్దలు చెప్పుదురు. తాము ఏటేట గుర్తించు భద్రతాలోపములలో నూటికి డెబ్బది వఱకు మెమొరీ తప్పులేయని 2019లో మైక్రోసాఫ్టువారు చెప్పిరి. అచ్చటి పనివారు నేర్పు లేనివారు కారు. ఇందఱు నేర్పరులు ఇన్నేండ్లుగా ఒక్కచోటనే జారుచున్నప్పుడు నడచువారిని తిట్టుట మాని నేలను పరీక్షించుట వివేకము.

అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. ఇందు తప్పు చేయువాడొకడు, నష్టపడువాడు మఱియొకడు. హార్ట్‌బ్లీడ్ వలన భయపడవలసి వచ్చినది ఆ వరుసను వ్రాసినవాడొక్కడే కాడు; ఆ ప్రోగ్రాము పేరైన నెఱుగని గృహస్థులు. తన ప్రాణమును ఒడ్డి సాము చేయువానిని మెచ్చుకొనవచ్చును. పరుల ధనమును, రహస్యములను ఒడ్డి తన నేర్పును చూపువానిని ఎట్లు మెచ్చుకొందుము?

రెండవ పూర్వపక్షము దీనికంటె బలమైనది. పాత వ్రాతలో పాత తప్పులు మాత్రమే కాక పాత పాఠములును కలవని వారందురు. ముప్పది నలువదియేండ్లుగా ఎందఱో వాడుకరులు చూపిన చిక్కులకు చేసిన దిద్దుబాట్లు అందులో నిమిడియున్నవి. అవి యన్నియు ఏ గ్రంథమునను వ్రాసిలేవు. తిరిగి వ్రాయువాడు భాషను మార్చి వ్రాయుచు ఆ పాఠములను జార్చుకొనును. ఇది యూహ కాదు. గ్నూ పనిముట్లను రస్ట్‌లో తిరిగి వ్రాయు 'యూయుటిల్స్' అను ప్రయత్నము 2013లో ఆరంభమైనది. 2025 అక్టోబరులో వెలువడిన ఉబుంటు 25.10 ప్రతి ఆ క్రొత్త పనిముట్లనే మొదటి పీటపై కూర్చుండబెట్టెను. కొలది దినములకే 'డేట్' అను చిన్న పనిముట్టులో లోపము కనబడెను. ఒక ఫైలు ఎప్పుడు మాఱినదని యడిగినచో ఆ సమయమును చెప్పక ఇప్పటి సమయమును చెప్పుచుండెను. దానిని నమ్మిన మఱియొక ప్రోగ్రాము మోసపోయి, కొన్ని యంత్రములు భద్రతా దిద్దుబాట్లను తమంతట తాము వెదకుకొనుట మానివేసినవి. కాపాడుటకై తెచ్చిన క్రొత్తదనమే కాపుదలను ఆపివేసినది! లోపమును వెంటనే దిద్దిరి. అయినను రస్ట్ కంపైలరు దీనిని పట్టుకొనజాలదని గ్రహింపవలెను. ఇది మెమొరీ తప్పు కాదు, అర్థము తప్పు. మా విద్యార్థుల వ్యాసములలో వ్యాకరణ దోషమొక్కటియు లేకయే చెప్పవలసిన విషయము లోపించుట మేము ప్రతి యేడును చూచుచున్నాము.

ఈ రెండు వాదములను ఎట్లు కుదుర్పవలెను? ఆండ్రాయిడ్ వ్యవస్థవారి యనుభవము ఇందుకు కొంత దారి చూపుచున్నది. వారి భద్రతాలోపములలో మెమొరీ తప్పుల పాలు 2019లో నూటికి 76; 2024లో 24. ఇంత తగ్గుటకు వారు పాత వ్రాతనంతయు చింపి తిరిగి వ్రాయలేదు. క్రొత్తగా వ్రాయునది రస్ట్ వంటి భద్రమైన భాషలలో నెక్కువగా వ్రాయుచు వచ్చిరి. కదలింపని పాత వ్రాతలో తప్పులు దొరకినకొలది దిద్దబడి నానాటికి తగ్గుననియు, తప్పులు ఎక్కువగా క్రొత్త వ్రాతలోనే పుట్టుననియు వారు కనుగొనిరి. సుడో కథను మరల చూచినను ఇదియే తెలియుచున్నది. పనిముట్టు 1980 నాటిది. తప్పు 2011లో క్రొత్తగా చేర్చిన వ్రాతలోనిది. కావున వయస్సు కొలబద్ద కాదు. పాతదియని పూజించుటయు పాతదియని పడగొట్టుటయు ఒకే తప్పునకు రెండు ముఖములు. ఎక్కడ అపరిచితులు పంపిన దానిని పనిముట్టు విప్పి చదువవలసియున్నదో, ఎక్కడ దాని చేతిలో సర్వాధికారమున్నదో అక్కడ గోడ ముందుగా లేవవలెను. తేదీ చెప్పు పనిముట్టునకును సుడోకును ఒకే తొందర యక్కఱలేదు.

ఈ కొలబద్దతో చూచినప్పుడు డెబియన్ సంస్థలో జరిగినది ఆలోచింపదగినది. అక్కడ ఆప్ట్ అను పనిముట్టు ప్రోగ్రాముల మూటలను తెచ్చి, ముద్రలను పరీక్షించి, విప్పి యంత్రములో నమర్చును. దాని పోషకులలో నొకరు 2025 అక్టోబరు 31వ తేదీన నొక ప్రకటన చేసిరి. 2026 మే నెలకు ముందు కాకుండ, ఆప్ట్‌నకు రస్ట్ తప్పనిసరి యగుననియు, రస్ట్ కంపైలరు లేని యంత్రజాతులను పోషించువారు ఆఱు నెలలలో దానిని సమకూర్చుకొనవలెననియు, కానిచో ఆ శాఖలను ముగించుకొనవలెననియు దాని సారాంశము. మూటలు విప్పుటకు, ముద్రలు పరీక్షించుటకు భద్రమైన భాష కావలెననుట న్యాయమే. గోడ లేవవలసిన చోటు అదియే. కాని 1990వ దశకము నాటి డెక్ ఆల్ఫా వంటి యంత్రములను ప్రేమతో కాపాడుకొనుచున్న కొలదిమందికి ఆ మాట గుండెలో గ్రుచ్చుకొనెను. అంతకు ముందు 2021లో పైథాన్ భాషకు చెందిన క్రిప్టోగ్రఫీ అను సంచయములో రస్ట్ చేరినప్పుడును, రాత్రికి రాత్రి తమ పనులు నిలిచిపోయినవని పలువురు మొఱపెట్టిరి.

ఇదియే మూడవ పూర్వపక్షము: సంస్కారము కొందఱిని వెలుపల వదలివేయునని. దీనిని మేము తేలికగ త్రోసివేయజాలము. మా బడికి ఒక దాత పాత కంప్యూటర్లు ఎనిమిదింటిని ఇచ్చెను. అవి ముప్పదిరెండు బిట్ల యంత్రములు. లినక్స్ వానిపై చక్కగ నడిచెను. పిల్లలు వానిమీదనే తెలుగు టైపు చేయనేర్చిరి. కొన్నాళ్లకు మేము వాడుచుండిన లినక్స్ పంపిణీవారు అట్టి యంత్రములకు ఇక క్రొత్త ప్రతులు ఇయ్యమనిరి. దిద్దుబాట్లు అందని యంత్రములను ఇంటర్నెట్టునకు తగిలింప వెఱచి మేము గదికి తాళము వేసితిమి. "గది యెప్పుడు తెఱచెదరండీ?" యని పిల్లలు పలుమాఱు అడిగిరి, మా యొద్ద జవాబు లేకపోయెను. అది రస్ట్ వలన జరిగినది కాదు. అట్టి ఇంటెల్ యంత్రములపై రస్ట్ నేడును పనిచేయును. కాని వదలివేయబడినవారి మనస్సు ఎట్లుండునో మాకు తెలిసినది.

అయినను ఎదుటి పక్షమునకును న్యాయము చేయవలెను. ఈ పనిముట్లను పోషించువారిలో పలువురు జీతము లేక, తీరిక వేళలలో, ఇష్టపూర్వకముగా పనిచేయువారు. ముప్పదియేండ్ల నాటి యంత్రము నా యింట నున్నది గావున నీవు జీవితాంతము దానికై శ్రమపడుమని వారిని నిర్బంధించు హక్కు ఎవరికి కలదు? ఉచితముగా నీళ్లు తోడిపోయువానిని, చేద మార్చినందుకు దండింపలేము. కాని హక్కు లేనిచోట మర్యాదగూడ లేదనరాదు. అమ్ముకొనిన వస్తువునకు లేని యొక బంధము పంచిపెట్టిన వస్తువునకు కలదు: నమ్ముమని పిలిచినవారు, వదలునప్పుడు చెప్పి వదలవలెను.

నాల్గవ ఆక్షేపణ యొకటి కలదు. దానిని పలువురు గమనింపరు. గ్నూ పనిముట్లు జీపీఎల్ అను అనుమతిపత్రము క్రింద నున్నవి. దానిని మార్చి యితరులకు పంచువాడు ఆ మార్పులనుగూడ అదే స్వేచ్ఛతో పంచవలెననుట దాని నియమము. యూయుటిల్స్‌వారు ఎంఐటీ అను అనుమతిపత్రమును గైకొనిరి; అందు ఆ నిర్బంధము లేదు. ఆ యెన్నిక వారి యిష్టము. అందు దోషమున్నదని మేము అనము. కాని భాషను మార్చుచున్నామని చెప్పి ఇచ్చిపుచ్చుకొనుటకు సంబంధించిన ధర్మమునుగూడ మార్చుచున్నప్పుడు, అది వేఱొక ప్రశ్నయని యొప్పుకొని వేఱుగా చర్చింపవలెను. ఒక సంస్కారము చాటున మఱియొక మార్పును నడిపించుట సంస్కర్తలకు తగినది కాదు.

సంస్కారము ఎట్లు జరుగవలెనో చూపుటకు కెర్నెల్ చరిత్ర కొంతవఱకు పనికివచ్చును. 2022 డిసెంబరులో వెలువడిన 6.1 ప్రతిలో రస్ట్‌కు ప్రయోగముగా చోటిచ్చిరి. పాత సి వ్రాతను త్రోసివేయలేదు. క్రొత్త భాగములు వ్రాయగోరువారికి దారి తెఱచిరి. మూడేండ్లు చూచిన పిదప, 2025 డిసెంబరులో టోక్యోలో కూడిన నిర్వాహకులు ఇది యిక ప్రయోగము కాదని నిశ్చయించిరి. ఈ మూడేండ్లును సుఖముగా గడువలేదు. రస్ట్ పక్షమున ముందు నిలిచిన యొకరు, యంత్రవిషయము కాని కలహములకు విసిగి 2024లో తప్పుకొనిరి. 2025 మొదట నొక ప్రముఖ నిర్వాహకుడు రెండు భాషల కలయికను పుట్టకురుపుతో పోల్చెను. ఇటువైపు వారిలోను సి వ్రాయువారినందఱిని మూర్ఖులనుచు తిరుగువారు లేకపోలేదు. మెమొరీ తప్పులను పట్టుకొను కంపైలరు కలదుగాని మాటల తప్పులను పట్టుకొనునది లేదు. అది మనుష్యులే చూచుకొనవలెను.

మా నిర్ణయము చెప్పి ముగించెదము. క్రొత్త భాషను గైకొనుట న్యాయమని మేము నమ్ముచున్నాము. మానవుని జాగ్రత్తకు హద్దు కలదు గనుకను, ఆ హద్దు దాటినచో నష్టపడునది పరులు గనుకను, నియమము చేయగల కాపుదలను మనుష్యుని మీద మోపరాదు. కాని సంస్కర్తకు మూడు ఋణములు కలవు. పాత వ్రాతలోని పాఠములను ఓపికతో చదివి, వానిని పరీక్షలుగా మార్చి క్రొత్త వ్రాతకు అప్పగించుట మొదటిది. ఎవరు వెలుపల నిలుతురో ముందుగా లెక్కించి, చాలినంత గడువిచ్చి, వారి పాత ప్రతిని వారు నడుపుకొనుటకు వీలు వదలుట రెండవది. ముందు నడచినవారిని గౌరవించుట మూడవది. రస్ట్ చేరని పాత యంత్రములకు, జీసీసీ అను పాత కంపైలరు మార్గమున దానిని చేర్చుటకు కొందఱు పాటుపడుచున్నారు. వారి పేళ్లు ఈ తగవులో ఎక్కువగ వినబడవు. బావికి గోడ కట్టినప్పుడు దానిమీదుగా చేయి యందని పిల్లలకు మెట్టు కట్టువారు వారే. గోడ కావలెనన్నవారును వలదన్నవారును వాదము చాలించి కొంతసేపు వారికి రాళ్లందించినచో నీళ్లు అందఱికిని అందును.